ల్యాబ్ రిపోర్టు ప్రమాణం: డాక్యుమెంటేషన్ సైటు చదివేదెవరు?

విశాఖపట్నం మహారాణిపేటలో, కేజీహెచ్ చుట్టుపక్కల ఉన్న ఏ ల్యాబులోనైనా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుంటే చేతికొచ్చే కాగితం మీద ఒక అంకె, ఒక యూనిట్, పక్కన నార్మల్ రేంజ్ ఉంటాయి. ఆ రిపోర్టే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద రోగి ఆభా నంబరుకి (డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) జతపడి, రోగి సమ్మతితో ఇంకో ఆస్పత్రికి వెళ్లాలంటే ఆరోగ్య సమాచారాన్ని సాఫ్ట్‌వేర్ల మధ్య పంపుకోవడానికి ఉన్న ఫైర్ (ఎఫ్‌హెచ్‌ఐఆర్) ప్రమాణం నాలుగో విడుదల ప్రకారం ఒక బండిల్‌గా, అంటే ఒక మూటగా, తయారవ్వాలి. అందులో ముందు విషయసూచిక లాంటి కంపోజిషన్, దాని వెనక రోగి వివరాల పేషెంట్, రిపోర్టుకి డయాగ్నస్టిక్ రిపోర్ట్, ఒక్కో ఫలితానికి అబ్జర్వేషన్ రావాలి. మెషీన్ దగ్గర పుట్టిన అంకె ఫోనులో కనపడేలోపు చాలా చేతులు మారుతుంది. పెదగంట్యాడ మెడ్‌టెక్ జోన్‌లో పరికరాలు చేసేవాళ్లు, రుషికొండ, మధురవాడల్లో ల్యాబ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, ల్యాబులో టెస్ట్ మాస్టర్ (పరీక్షల పట్టిక) నింపే ఇన్‌ఛార్జి, రిపోర్టు మీద సంతకం పెట్టే పాథాలజిస్టు, ఆస్పత్రిలో టెండర్ రాసే అధికారి, అందరూ ఏదో ఒకరోజు ఆ ప్రమాణాన్ని వివరించే సైటు తెరుస్తారు.

ఆ సైటు కట్టడానికి కూర్చున్న బృందం మొదటి వారంలోనే ఒక వాక్యం రాసేస్తుంది: ‘ఇది డెవలపర్లకు, ఆస్పత్రులకు, ప్రభుత్వ సంస్థలకు, ఆసక్తి ఉన్న అందరికీ.’ అందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే దాన్ని బట్టి ఏ పేజీ రాయాలో, ఏ పేజీ తీసేయాలో తేలదు. ఒక పేజీ ఉండాలా వద్దా అని బృందంలో తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పగలిగితేనే అది చదువరి నిర్వచనం అనిపించుకుంటుంది.

ఈ పని ముందే చేసినవాళ్లున్నారు. ఫైర్ అధికారిక సైటులో యాజమాన్యానికి, డెవలపర్లకు, వైద్యులకు, ఆర్కిటెక్టులకు వేర్వేరు పరిచయ పేజీలున్నాయి. హెచ్‌టీఎంఎల్ ప్రమాణాన్ని నడిపే వాట్‌డబ్ల్యూజీ ఇంకో దారి పట్టింది. మూలపాఠం ఒక్కటే ఉంచి, బ్రౌజర్లు తయారుచేసేవాళ్లకి మాత్రమే కావలసిన భాగాలు తీసేసి వెబ్ డెవలపర్లకి వేరే కూర్పు ఇస్తుంది. పైగా ఆ ప్రమాణంలో చదువరుల గురించే ఒక విభాగం పెట్టి, వెబ్‌తో కాస్తయినా పరిచయం లేనివాళ్లకి ఇది బహుశా సరిపడదని, కచ్చితత్వం కోసం కొన్నిచోట్ల స్పష్టత వదులుకున్నామని మొహమాటం లేకుండా చెప్పేసింది. వెబ్‌సైట్లు వికలాంగులకు అందుబాటులో ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీది మూడో దారి. నియమాల పాఠం క్లుప్తంగా ఉంటుంది. ఆ నియమం ఎందుకుందో చెప్పే పత్రాలు వేరు, ఎలా పాటించాలో చూపే పత్రాలు వేరు.

ల్యాబ్ రిపోర్టు లాంటి వాటికి ఈ మూడో పద్ధతే ఎక్కువ నప్పుతుంది. హోదాల వారీగా పరిచయాలు రాయడం తేలిక. కానీ పరిచయం అయ్యాక అందరూ వెళ్లి అవే రిఫరెన్స్ పేజీల్లో పడతారు, అసలు తికమక అక్కడే మొదలవుతుంది.

ముందు సాఫ్ట్‌వేర్ పాత్రలు, తర్వాత మనుషులు

2005 ఆగస్టులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వెలువరించిన స్పెసిఫికేషన్ మార్గదర్శకాలు ఒక పని తప్పనిసరిగా చేయమంటాయి: ఈ ప్రమాణాన్ని అమలుచేసేది ఎవరు, ఏ రకం సాఫ్ట్‌వేర్ అన్నది గుర్తించి రాయాలి. చదువరుల జాబితా కన్నా ముందు ఈ జాబితా ఉండాలి. ల్యాబ్ రిపోర్టు విషయంలో పాత్రలు మూడు: మెషీన్ నుంచి ఫలితం పట్టుకొచ్చేది, రిపోర్టు తయారుచేసి ఇచ్చేది, అందుకుని చూపించేది. డిజిటల్ మిషన్ తన అనుసంధానాన్ని మూడు మైలురాళ్లుగా విడదీసినప్పుడు కూడా ఇలాంటి గీతే గీసింది. ఆభా నంబరు సృష్టి, ధృవీకరణ మొదటిది. రికార్డు ఇచ్చే పాత్ర రెండోది. తీసుకునే పాత్ర మూడోది.

పాత్రలు విడదీయకపోతే ఏం జరుగుతుందో ఫీల్డుల పక్కన పెట్టే ‘మస్ట్ సపోర్ట్’ అనే గుర్తు దగ్గర కనపడుతుంది. ఆ గుర్తు అర్థమేమిటో ఫైర్ మూల ప్రమాణం చెప్పదు. ప్రొఫైల్ (ఒక దేశానికో అవసరానికో తగ్గట్టు ప్రమాణానికి చేర్చే నియమాలు) రాసినవాళ్లే చెప్పాలని వదిలేస్తుంది. ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కి దాని అర్థం ‘నీ దగ్గర ఆ సమాచారం ఉంటే తప్పక పంపు’ అని కావచ్చు. తీసుకునే సాఫ్ట్‌వేర్‌కి ‘వస్తే పారేయకుండా చూపించు’ అని కావచ్చు. సైటులో ఒకే ఒక వాక్యం ఉంటే ఇచ్చేవాడు ఆ ఫీల్డుని ఖాళీ స్ట్రింగ్‌తో నింపి పంపుతాడు. ఫైర్‌లో ఖాళీ స్ట్రింగ్ చెల్లదు, కాబట్టి నియమాలు సరిచూసే సాఫ్ట్‌వేర్, వాలిడేటర్, తిప్పికొడుతుంది. అతను ప్రమాణాన్నే తిడతాడు. ఇలాంటి ప్రతి ఫీల్డు కిందా పాత్రకొక వాక్యం రాస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

సందేహాలు పోగెయ్యడం

మనుషుల సంగతికొస్తే, ఊహించి రాసే కల్పిత పాత్రచిత్రణలు, ‘రమేష్, 32 ఏళ్లు, కాఫీ ఇష్టం’ లాంటివి, ఈ పనికి పెద్దగా ఉపకరించవు. నిజంగా వచ్చిన సందేహాలు పోగెయ్యాలి. సపోర్టుకి వచ్చిన మెయిళ్లు, అనుసంధానం చేసే కంపెనీల వాట్సాప్ గ్రూపులు, ప్రయోగాలకి ఇచ్చే శాండ్‌బాక్స్‌లో పదేపదే వచ్చే ఎర్రర్లు, సైటులో వెతికితే ఏమీ దొరకని మాటలు, అన్నీ పనికొస్తాయి. అరవై నుంచి ఎనభై దాకా చాలు. అడిగినవాళ్ల మాటల్లోనే, తప్పులు దిద్దకుండా ఎక్కించాలి. దిద్దితే అడిగినవాడికి ఏం తెలియదో కూడా దిద్దుబాటులో కొట్టుకుపోతుంది.

‘పేషెంటు వయసు 45 అంటున్నాడు, పుట్టినరోజు తెలీదు, ఏం వెయ్యాలి?’ ‘ప్రొఫైల్ దొరకలేదంటోంది వాలిడేటర్, బ్రౌజర్లో ఓపెనవుతోంది కదా?’ ‘మా మెషీన్ సీరియల్ పోర్టులో ఇస్తుంది, దీనికీ ఫైర్‌కీ లింకేంటి?’ ‘రిపోర్టు వెళ్లిపోయాక తప్పు దొరికితే పాతది డిలీట్ చెయ్యాలా?’ ‘టెండర్లో ఏం రాస్తే వెండర్ తప్పించుకోలేడు?’

ప్రతి ప్రశ్న పక్కన రెండు గడులు ఉండాలి: అడిగేటప్పుడు అతని చేతిలో ఏముంది, జవాబు దొరికాక అతను చేసే తర్వాతి పని ఏమిటి. కుప్పలు వేయాల్సింది రెండో గడిని బట్టి. ఆర్టీసీ కాంప్లెక్సులో ఎంక్వైరీ కౌంటరు దగ్గర ఎవరినీ ఉద్యోగం ఏమిటని అడగరు, ఏ ఊరని అడుగుతారు. ఇక్కడా అంతే. డెవలపర్ అన్న హోదా కింద కోడు రాయబోయేవాడు, ఎర్రర్ తీసేయబోయేవాడు, ‘ఈ పని ఎన్నిరోజులు పడుతుంది’ అని మేనేజరుకి చెప్పబోయేవాడు, ముగ్గురూ ఉంటారు. చిన్న కంపెనీలో ఆ ముగ్గురూ ఒక్క మనిషే, వేర్వేరు వారాల్లో. అందుకే హోమ్ పేజీలో ‘నేను డెవలపర్ని’, ‘నేను మేనేజర్ని’ అని తలుపులు పెడితే సగం మంది ఏ తలుపు తమదో తేల్చుకోలేక సెర్చ్ పెట్టె వైపు పోతారు. తలుపు మీద పని పేరు ఉండాలి: మొదటి రిపోర్టు పంపడం, టెస్టులకు కోడ్లు కుదర్చడం, ఎర్రర్ సరిచేయడం, కొనుగోలు నిబంధన రాయడం.

అందరూ మరిచిపోయే చదువరి

ఇలా కుప్పలు వేస్తే దాదాపు ప్రతిసారీ బృందం ఊహించని ఒక కుప్ప పెద్దదిగా తేలుతుంది. అది టెస్ట్ మాస్టర్ నింపేవాళ్లది. ల్యాబులో చేసే పరీక్షలన్నీ ఒక ఎక్సెల్ షీటులో ఉంటాయి. వాటి ఎదురుగా లోయింక్ (ల్యాబ్ పరీక్షలకి అంతర్జాతీయ కోడ్ల పద్ధతి) కోడ్లు వేయాలి. ఈ పని డెవలపర్ మీద పడేస్తారు, అతను పేరు చూసి వెతికి, మొదట దొరికిన కోడు వేసేస్తాడు. వాలిడేటర్‌కి అది మామూలు కోడే, ఏమీ అనదు.

తప్పు జరిగేది ఇక్కడే. లోయింక్ కోడు ఆరు విషయాల మీద నిలబడుతుంది: కొలిచే పదార్థం ఏమిటి, దానిలో కొలిచే గుణం ఏమిటి, కాలవ్యవధి, నమూనా, ఫలితం ఏ తీరున వస్తుంది, అవసరమైన చోట పద్ధతి. షీటులో ‘షుగర్’ అని ఒకే వరస ఉన్నా, సీరం లేదా ప్లాస్మాలో పరగడుపు గ్లూకోజ్, గ్రాముల లెక్కలో, 1558-6. పరగడుపు షరతు లేకుండా అదే కొలత 2345-7. మోల్స్ లెక్కలో ఇచ్చే మెషీన్ అయితే 14749-6. అంటే యూనిట్ మారితే కోడే మారిపోతుంది. హిమోగ్లోబిన్‌ది 718-7, ఇందులో తికమక తక్కువ. సైట్లు ఉదాహరణగా ఎప్పుడూ దీన్నే చూపించడానికి అదొక కారణమేమో. ఉదాహరణకి గ్లూకోజ్ తీసుకుని ఉంటే సగం సందేహాలు పేజీలోనే తీరిపోయేవి.

నమూనా సీరమా, మొత్తం రక్తమా, వేలి చివర తీసినదా అన్నది డీఎంఎల్‌టీ చదివి పదేళ్లుగా మెషీన్ దగ్గర నిలబడ్డ టెక్నీషియనుకి చూడగానే తెలుస్తుంది. ఆ మనిషికి సాఫ్ట్‌వేర్ డేటా రాసే జేసన్ రూపం అక్కర్లేదు. ఏ ఫీల్డు ఎన్నిసార్లు రావచ్చో చెప్పే కార్డినాలిటీ పట్టిక చూపిస్తే పేజీ మూసేస్తారు. ఆ చదువరికి కావలసింది ఒక ఎక్సెల్ నమూనా, ముప్పై నలభై సాధారణ పరీక్షల కోడ్ల పట్టిక, కోడు ఎంచేముందు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు: నమూనా ఏది, యూనిట్ ఏది, ఏ షరతు మీద తీశారు. ఈ ఒక్క పేజీని తెలుగులో రాయడం న్యాయం. రిఫరెన్స్ పేజీలు తెలుగు చేయాలన్న ఉత్సాహం మాత్రం ఆపుకోవాలి. ఇంటర్నెట్ ప్రమాణాల రాతకి సంబంధించిన పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8174 వచ్చినప్పటి నుంచి, 2017 నుంచి, దాన్ని అనుసరించే ప్రమాణాల్లో నియమం బలం ‘మస్ట్’, ‘షుడ్’ లాంటి మాటలు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండటం మీద ఆధారపడుతుంది. ఆ తేడా చూపే సాధనం తెలుగు లిపిలో లేదు. తెలుగు పేజీ వివరణ మాత్రమేనని, వివాదం వస్తే మూలపాఠానిదే పైచేయి అని పైనే రాసిపెట్టాలి.

టెండర్ రాసే అధికారి కుప్ప చిన్నది, కానీ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోతే నష్టం అయిదేళ్లుంటుంది. ‘సాఫ్ట్‌వేర్ ఫైర్‌కి అనుగుణంగా ఉండాలి’ అని రాసిన టెండర్ ఎవరినీ కట్టిపడేయదు. ఏ విడుదల, ఏ ప్రొఫైళ్లు, ఏ పాత్ర, ఏ వాలిడేటర్ ఫలితం జతచేయాలి, ఈ నాలుగూ ఉంటేనే పట్టు దొరుకుతుంది. ఈ చదువరికి ఒక పేజీ చాలు, అందులో యథాతథంగా టెండర్‌లోకి ఎక్కించుకోదగ్గ రెండు పేరాలు ఉండాలి.

నిర్వచన పత్రం

కుప్పలు తేలాక ఒక్కో చదువరికి అరపేజీ మించకుండా రాసుకోవాలి. టెస్ట్ మాస్టర్ నింపే ఇన్‌ఛార్జి గురించి రాస్తే ఇలా ఉంటుంది:

చేతిలో ఉన్నది: ల్యాబ్ టెస్టుల ఎక్సెల్ షీటు, మెషీన్ కిట్ల కరపత్రాలు. తెలిసినవి: నమూనాలు, యూనిట్లు, రిఫరెన్స్ రేంజులు. తెలియనివి: లోయింక్, జేసన్, ప్రొఫైల్ అన్న మాట. చేయాల్సిన పని: ప్రతి వరసకీ ఒక కోడు, యూనిట్లు రాసే యూసీయూఎం పద్ధతిలో ఒక యూనిట్. పని అయినట్టు గుర్తు: షీటులో ఖాళీ లేదు, అనుమానమున్న వరసలకు పసుపు రంగు, వాటి మీద పాథాలజిస్టు సంతకం. ఈ చదువరికి చూపించకూడనివి: ఏపీఐ, సమ్మతి ప్రవాహం, ఎన్‌క్రిప్షన్.

చివరి గడి వదిలేయకూడదు. ‘చూపించకూడనివి’ రాయని నిర్వచనంలోకి ఆర్నెల్లకల్లా అన్నీ దూరతాయి.

చదువరులు కాని వాళ్లెవరో కూడా ఈ పత్రంలోనే తేల్చాలి. రోగి ఈ సైటు చదువరి కాదు. ‘నా రిపోర్టు యాప్‌లో కనిపించట్లేదు’ అని వచ్చేవాళ్లకి సహాయకేంద్రానికి దారిచూపే రెండు వాక్యాలు చాలు. ఇంకో చదువరిని బయట పెట్టడం దీనికన్నా కష్టం, ఎందుకంటే అతను బృందంలోనే కూర్చుని ఉంటాడు. ప్రమాణం రాసిన కమిటీ తను తీసుకున్న నిర్ణయాల చరిత్ర, ప్రత్యామ్నాయాలు ఎందుకు వదిలేసిందీ, అన్నీ మొదటి పేజీలోనే పెట్టాలనుకుంటుంది. అవి అవసరమే, మార్పుల చరిత్ర పేజీలో. ప్రమాణానికి కొత్తగా తోడ్పడేవాళ్లు అక్కడికే వస్తారు.

మిగిలినవాళ్లలో ఎవరు ముందు? సంఖ్యని బట్టి కాకుండా, ఎవరు ఆగితే గొలుసంతా ఆగిపోతుందో చూసి వరస పెట్టాలి. ఈ లెక్కన రిపోర్టు తయారుచేసే డెవలపర్ మొదటివాడు, ఇన్‌ఛార్జి రెండో మనిషి. పాథాలజిస్టుకి మూడో స్థానం ఇవ్వడం కొందరికి నచ్చకపోవచ్చు. అయితే ఆ చదువరి సైటుకి వచ్చేది ఒకటి రెండు ప్రశ్నలకే. వాటిలో ముఖ్యమైనది తప్పు దొరికిన రిపోర్టు సంగతి. జవాబు: చెరపకూడదు, స్థితిని ‘ఫైనల్’ నుంచి ‘కరెక్టెడ్’కి మార్చి కొత్త కూర్పు పంపాలి. ఇదే ప్రశ్న డెవలపర్ కూడా అడుగుతాడు, అతనికి కావలసింది ఏ ఫీల్డు మారుతుంది, పాత కూర్పుకి ఏమవుతుంది అన్నది. ఒకే ప్రశ్న, రెండు పేజీలు, మధ్యన ఒక లింకు.

నిర్వచనం పేజీలోకి దిగేచోట

ఇంత చేశాక కూడా పేజీలు గురి తప్పడానికి కొన్ని తెలిసిన కారణాలున్నాయి. మొదటిది ఉదాహరణ. డెవలపర్ నియమం చదవడానికి ముందు ఉదాహరణ కాపీ చేస్తాడు. అందుకని ఉదాహరణ స్థానికంగా ఎదురయ్యే డేటాతో ఉండాలి. పాశ్చాత్య పేరు పెట్టిన నమూనా చూసి ‘కె. లక్ష్మి’ని ఎలా విడగొట్టాలో విశాఖ డెవలపర్‌కి తేలదు. ‘కె’ని సొంత పేరుకి ఉన్న ‘గివెన్’ గడిలో వేసేవాళ్లూ ఉన్నారు. ఇంటిపేరు పూర్తిగా తెలియనప్పుడు ఓపీ చీటీ మీద ఉన్నది ఉన్నట్టు టెక్స్ట్ గడిలో పెట్టి, ఫ్యామిలీ గడి వదిలేయడం మేలు. వయసు మాత్రమే తెలిసిన రోగికి పుట్టిన తేదీ గడిలో ఏడాది ఒక్కటే రాయడానికి ఫైర్ ఒప్పుకుంటుంది. కానీ 2025లో 45 అన్న మనిషి 1979లోనో 1980లోనో పుట్టి ఉంటాడు. ఏది వేయాలో మూల ప్రమాణం చెప్పదు. స్థానిక గైడ్ చెప్పాలి, లేకపోతే ఒకే మనిషి రెండు ల్యాబుల్లో ఇద్దరవుతాడు.

సమయం సంగతీ అంతే. గంటలు, నిమిషాలు రాస్తే టైమ్ జోన్ తప్పనిసరి. మెషీన్ ఇచ్చిన ఉదయం 8:00కి +05:30 చేర్చకుండా, ఉదాహరణలో కనిపించిన జెడ్ (యూటీసీ సమయానికి గుర్తు) అక్షరం తగిలిస్తే, అవతలి ఆస్పత్రిలో అది మధ్యాహ్నం 1:30గా కనపడుతుంది. పరగడుపు షుగర్ మధ్యాహ్నం తీశారా అని డాక్టరు అనుమానపడతాడు. తప్పు ఒక్క అక్షరానిది, కారణం ఉదాహరణ రాసినవాళ్లు భారతీయ చదువరిని తలచుకోకపోవడం.

రెండోది వెర్షన్. చదువరులు హోమ్ పేజీ నుంచి రారు, సెర్చ్ ఇంజిన్ నుంచి నేరుగా మధ్య పేజీలో దిగుతారు. ఫైర్ ఐదో విడుదల 2023 మార్చిలో వచ్చింది. అందులో మందుల చీటీకి వాడే మెడికేషన్ రిక్వెస్ట్‌లో మందు రాసే తీరే మారిపోయింది. డిజిటల్ మిషన్ గైడు మాత్రం నాలుగో విడుదల మీద నిలబడింది. తప్పు విడుదల పేజీలో దిగినవాడికి ఆ సంగతి పైనే కనపడాలి. ఫైర్ సైటు ప్రతి పాత పేజీ పైనా ఒక పట్టీ పెడుతుంది, అది అనుసరించదగ్గ పద్ధతి. స్థానిక గైడు ఆ పట్టీలో ఇంకో మాట చేర్చాలి: ‘భారతదేశంలో అనుసంధానానికి వాడాల్సింది ఈ విడుదల.’

మూడోది మనిషే కాని ఒక చదువరి, వాలిడేటర్. వాలిడేటర్ ప్రొఫైల్ చిరునామాని పేరుగా చూస్తుంది. దాన్ని తనకి అందించిన ప్రొఫైళ్ల ప్యాకేజీలో వెతుకుతుంది, అక్షరం అక్షరం కలవాలి. బ్రౌజర్లో ఆ చిరునామా తెరుచుకోవడంతో ఈ వెతుకులాటకి సంబంధం లేదు. ‘దొరకలేదంటోంది, ఓపెనవుతోంది కదా’ అన్న ప్రశ్నకి జవాబు ఇదే. వెబ్ బృందం ఎవరైనా శుభ్రం చేస్తున్నామనుకుని ఉదాహరణల్లో హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్ చేస్తే అది వేరే ప్రొఫైల్ పేరవుతుంది, ఉదాహరణలన్నీ ఒకేసారి విరుగుతాయి. కాబట్టి నిర్వచన పత్రంలో యంత్రానికీ అరపేజీ ఉండాలి: ప్యాకేజీ ఎక్కడ దొరుకుతుంది, చిరునామాలు ఎప్పటికీ మారవన్న హామీ, ప్రతి ఉదాహరణనీ ప్రచురణకు ముందు వాలిడేటర్ మీద నడిపే ఏర్పాటు.

పరీక్ష

నిర్వచనం సరైనదో కాదో తేల్చడానికి ఒక్కో కుప్ప నుంచి నలుగురైదుగురు చాలు. పేజీ బాగుందా అని అడగొద్దు, పని ఇవ్వాలి. డెవలపర్‌కి: హిమోగ్లోబిన్ 11.2 గ్రా./డె.లీ. ఫలితాన్ని అబ్జర్వేషన్‌గా రాసి వాలిడేటర్లో ఎర్రర్ లేకుండా తేవాలి, ముప్పావుగంట. ఇన్‌ఛార్జికి: పది వరసల షీటు, అందులో కావాలనే మూడు షుగర్ పరీక్షలు. టెండర్ అధికారికి: ఒక పేరా. పక్కన కూర్చున్నవాళ్లు సాయం చేయకూడదు, ఏ పేజీలో దిగారో, ఎక్కడ వెనక్కి వెళ్లారో, ఏ మాట వెతికారో రాసుకోవాలి.

చూసినదాన్ని చదవడంలో ఒక మెలిక ఉంది. ఇన్‌ఛార్జి కోడ్ల పేజీలో ఆగిపోతే ఆ పేజీ తిరగరాయాలి, అది ఆ మనిషి కోసమే పుట్టింది. డెవలపర్ అదే పేజీలో ఆగిపోతే పేజీని ముట్టుకోకూడదు. అతన్ని అక్కడికి పంపిన లింకు ఏదో వెతికి, దాని ముందు ‘ఈ పట్టిక మీ ల్యాబ్ ఇన్‌ఛార్జి నింపి ఇవ్వాలి’ అని ఒక వాక్యం చేర్చాలి. అతని కోసం ఆ పేజీలో జేసన్ చేర్చడం మొదలుపెడితే ఇన్‌ఛార్జి వెళ్లిపోతారు, షీటు మళ్లీ డెవలపర్ బల్ల మీదకే వచ్చి పడుతుంది.